పచ్చని గోదావరిలో పసుపు ఆకుల వేట

కోనసీమ వెళ్ళి ఒక్క కొబ్బరి చెట్టుకైనా ఫోటో తీయకుండా తిరిగొచ్చిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. నా ఫోన్లో మూడు వందల పైచిలుకు ఫోటోలున్నాయి. అన్నీ రోగిష్టి ఆకులవే. అంచులు మాడినవి, మచ్చలు పడినవి, ఈనెలు తెల్లబోయినవి. ఇంటికొచ్చాక మా ఆయన వాటన్నిటినీ ఓపిగ్గా చూసి, ఇందులో గోదావరి ఎక్కడుందని అడిగారు. ఒక ఫోటో మూలన బురదనీళ్ళు కనిపిస్తే వేలు పెట్టి చూపించాను.

నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. మొక్కలకు పోషకాలు తక్కువైతే ఏమవుతుందన్న పాఠం ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను. క్లాసు గోడకు దాని తాలూకు చార్టు ఉంది. అందులో ఒక్కో ఆకుకు ఒక్కో లోపం, అదీ పెళ్ళిపట్టు చీరల రంగుల్లో. ఈ ఏడాది ఒక పిల్ల లేచి, "మేడం, వీటిని మీరెప్పుడైనా నిజంగా చూసినారా?" అని అడిగింది. చూడలేదు. మా వైపు పైరుకు తిండి లోపం బయటపడేలోపే నీళ్ళ లోపం దాన్ని తీసుకుపోతుంది.

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతోందంటే మొక్కకు తిండి పెరిగినట్టే కదా, మరి అందరూ ఎందుకు భయపడుతున్నారంది. పుస్తకంలో ఉన్నదే చెప్పాను. గాలిలో అది ఎక్కువైతే ఆకు తన రంధ్రాలను సగం మూసుకుంటుంది. నీళ్ళు తక్కువ తాగుతుంది, నీళ్ళతో పాటు వేరు నుంచి ఎక్కాల్సిన లవణాలూ తగ్గుతాయి. గింజలో పిండి పెరిగి సత్తువ పలచబడుతుంది. జవాబు సరైనదే. కానీ చెప్తున్నంతసేపూ, ఎన్నడూ పొయ్యి వెలిగించని మనిషి వంటల పుస్తకం చదివి వినిపిస్తున్నట్టు నాకే అనిపించింది. ఆగస్టులో పది రోజులు సెలవు పెట్టి, జబ్బు చేసిన వరి చూడ్డానికి గోదావరి జిల్లాలకు బయల్దేరాను.

రాజమండ్రి

రైలు దిగగానే నన్ను పట్టుకున్న ఆటో ఆయన పేరు వీర్రాజు. నలభై ఐదేళ్ళుంటాయి, రావులపాలెం దగ్గర పల్లెటూరు. పాపికొండలా అండి, అన్నవరమా అండి, కోరుకొండ నరసింహస్వామా అండి అని వరసగా అడిగారు. జబ్బు చేసిన వరి పొలాలు చూడాలన్నాను. ఆటో రోడ్డు పక్కకు తీసి ఆపి, వెనక్కి తిరిగారు.

"జబ్బు ఎవరికండి?"

"వరికి."

ఆయన ముఖంలో బాధ కనిపించింది. తమ జిల్లాలో అలాంటివి ఉండవన్నారు. మీ ఊళ్ళో దొంగలెక్కడుంటారని అడిగినట్టు తీసుకున్నారాయన. తర్వాత నేను గమనించింది కూడా అదే. పచ్చగా ఉన్న చేను పక్కన నిలబడితే రైతు పిలిచి మరీ కబుర్లు చెప్తాడు. పసుపెక్కిన చేను పక్కన నిలబడితే అది తనది కాదంటాడు. పిల్లాడి తప్పిన మార్కులు దాచినట్టు దాస్తారు.

మర్యాద మాత్రం ఇక్కడ మోతాదుకు మించి ఉంది. మా వైపు "రాప్పా, తినుపో" అంటే ఎంత ప్రేమో, ఇక్కడ "అండి" లేకుండా ఊపిరి తీసుకోరు. రోడ్డుకడ్డంగా పడుకున్న కుక్కతో కూడా వీర్రాజు గారు "లెగండి బాబూ, లెగండి" అన్నారు. కుక్క లేచింది. మా ఊరి కుక్కయితే తనను కాదనుకునేది.

పొద్దున్నే హోటల్లో పెసరట్టులో ఉప్మా పెట్టి ఇచ్చారు. టిఫిన్‌లో ఇంకో టిఫిన్ పెట్టుకు తినే మనుషులకు తిండి లోపం గురించి పాఠం చెప్పడానికి వచ్చానా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆత్రేయపురం

ధవళేశ్వరం ఆనకట్ట దాటుతుంటే నేను ఆటోలోంచి సగం బయటికి వంగి చూశాను. అన్ని నీళ్ళు ఒకేచోట చూసిన అలవాటు లేదు. వీర్రాజు గారు మాత్రం ఫోన్లో బావమరిదితో గొడవపడుతూ దాటేశారు.

ఆత్రేయపురంలో సుబ్బలక్ష్మి గారనే ఆవిడ ఇంటి అరుగు మీద పూతరేకులు తీస్తున్నారు. బోర్లించిన కుండ కింద మంట. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగితే, అగరొత్తి పొగంత పల్చగా రేకు వస్తుంది. నేనూ ఒకటి ప్రయత్నించాను. అంచులు మాడి, మధ్యలో చిల్లులు పడింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, ఎవరికీ కనపడకుండా పైన ఇంకో రేకు కప్పారు.

ఏ పంట బియ్యమైనా ఒకటేనా అని అడిగాను. కాదట. అదే రకం బియ్యం, అదే కొట్టు, అయినా ఒక్కో ఏడాది జావ గుడ్డకు పట్టదట.

"కంకి పాలు పోసుకునేటప్పుడు రాత్రిళ్ళు చల్లబడాలండి," అన్నారు. "ఈ మధ్యన చల్లబడట్లేదు గదండి. గింజ పొట్ట తెల్లగా సుద్దలాగుంటంది. రేకు తీస్తే తెగిపోతంది."

పగలు సంపాదించినదాన్ని మొక్క వేడి రాత్రుల్లో ఊపిరికే ఖర్చు పెట్టేస్తుందనీ, అందుకే గింజ సరిగ్గా గట్టిపడదనీ నేను క్లాసులో చెప్తాను. చెప్పడానికి నాకు రెండు పిరియడ్లు పడతాయి. ఆవిడకు ఒక తడి గుడ్డ చాలింది. నెయ్యి, బెల్లం వేసినవి ఒక పెట్టె కొన్నాను. రావులపాలెం చేరేసరికి పెట్టె మాత్రమే మిగిలింది. వీర్రాజు గారికి కూడా రెండిచ్చానని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

రావులపాలెం

ఇక్కడి అరటి మార్కెట్లో గెలలు సైనికుల్లా బారులు తీరి నిలబడతాయి. అందరూ గెలలు చూస్తుంటే నేను ఆకులు చూస్తున్నాను. ఒకాయన నా వెనకే చాలాసేపు తిరిగి, "ఏదైనా పారేసుకున్నారాండి?" అని అడిగారు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే నా ముందు వేసిన అరిటాకు అంచంతా నారింజ పసుపు. పొటాష్ చాలక అలా అవుతుంది. మొక్క పాత ఆకులోంచి పొటాష్ లాగేసి కొత్త ఆకుకు పెడుతుంది, అందుకే ముదురాకు అంచు నుంచి మాడుతుంది. నా చార్టులోని బొమ్మ మొదటిసారి ప్రాణంతో కనిపించేసరికి అన్నం వడ్డించనివ్వకుండా ఫోటోలు మొదలుపెట్టాను. హోటలాయన పరుగున వచ్చారు. ఆకులో పురుగు వచ్చిందనుకున్నారట. ఎంత చెప్పినా వినకుండా ఆ ఆకు తీసేసి పచ్చటిది వేసి, పైన ఇంకో గరిటె పప్పు పోసి క్షమాపణ చెప్పారు. పక్క బల్ల వాళ్ళు తమ ఆకులను కూడా ఎత్తి చూసుకున్నారు.

నా ఉత్సాహం చూసి వీర్రాజు గారి మనసు కరిగింది. వాళ్ళ ఊళ్ళో ఒక చేను ఉందనీ, చూస్తే కడుపు తరుక్కుపోతుందనీ ఒప్పుకున్నారు. నేను సంతోషంగా చేతులు రుద్దుకున్నాను. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

రూతమ్మ గారి చేను

ఊరి పేరు రాయనని మాటిచ్చాను. రూతమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. ఎకరన్నర కౌలుకు చేస్తున్నారు. ఆదివారాలు లూథరన్ చర్చిలో చిన్నపిల్లలకు బైబిలు కథలు చెప్తారు. ఆమె నన్ను గట్టు మీద నిలబెట్టి, నేను అడగకుండానే మొత్తం చెప్పారు.

నాట్లు వేసిన నాలుగు రోజులకు, నెలంతా పడాల్సిన వాన మూడు రోజుల్లో పడిపోయింది. మురుగు కాలువ నీటి మీద పెరిగే గుర్రపుడెక్కతో పూడిపోయి ఉంది. నీళ్ళు పది రోజులు చేలోనే నిలబడ్డాయి. తర్వాత చూస్తే పైరు ఎదగడం మానేసి తుప్పు రంగు తిరిగింది. ఎరువుల కొట్టాయన డీఏపీ వేయమన్నాడు. వేస్తే ఇంకా ఎక్కువైంది. భూమి కామందు గారు వచ్చి చూసి, ఈసారి పంట తేడా వస్తే చేపల చెరువు తవ్వించేస్తానన్నారు. చుట్టూ అప్పటికే మూడు చెరువులున్నాయి. మళ్ళీ నీళ్ళలో దున్ని దమ్ము చేయించి నాటుదామంటే చుట్టుపక్కల ఎక్కడా నారు లేదు. రెండు రోజుల్లో ఏదో ఒకటి తేల్చి ఆయనకు చెప్పాలి.

"మీరు టీచరు గారంట గదండి. చూసి చెప్పండి," అన్నారు.

ఒక దుబ్బు పీకి నా చేతికిచ్చారు. వేళ్ళు నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తున్నాయి. కింది ఆకుల నిండా గోధుమ రంగు మచ్చలు, అంచులు ఎండిపోయి ఉన్నాయి. మధ్యాహ్నపు అరిటాకు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. పొటాష్ లోపమని చెప్పేశాను. నా గొంతులో చిన్న వణుకైనా లేదు. ఇరవై ఏళ్ళపాటు ఎదురుచెప్పే వాళ్ళు లేకుండా మాట్లాడితే గొంతు అలాగే తయారవుతుంది. ఆమె తల ఊపి, కొట్టు మూసేలోపే వెళ్తానంటూ అక్కడి నుంచే బయల్దేరారు.

సాయంత్రం లాడ్జి ఎదురుగా టీ తాగుతూ ఆ రోజు ఫోటోలు పెద్దవి చేసి చూస్తున్నాను. రూతమ్మ గారి దుబ్బులో కింది ఆకులే కాదు, పైన లేత ఆకు కూడా పడింది. దాని మొదట్లో నడి ఈనె తెల్లగా ఉంది.

టీ చల్లారిపోయింది. పొటాష్ తక్కువైతే మొక్క ముసలాకు దగ్గర లాక్కుని లేతాకుకు పెడుతుంది గనుక లేతాకు బాగానే ఉంటుంది. జింకు అంత తేలిగ్గా ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు కదలదు. అది తక్కువైతే లేతాకు మొదలే తెల్లబోతుంది. పైగా నీళ్ళు నిలిచిన నేలలో జింకు ఉన్నా వేరుకు అందదు. ఆ మీద డీఏపీలోని భాస్వరం పడితే ఇంకా అందదు. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. నేనే తప్పాను.

అప్పుడే ఫోన్ చేసి ఉండొచ్చు. వీర్రాజు గారి దగ్గర నంబరుంది. చేయలేదు. ఎదురుగా వెళ్ళి చెప్తే మర్యాదకైనా తక్కువ తిడతారనుకున్నాను.

మళ్ళీ అదే గట్టు

పొద్దున్నే వెళ్ళేసరికి రూతమ్మ గారు సగం చేనుకు పొటాష్ చల్లేసి ఉన్నారు. నడుముకు కట్టుకున్న గుడ్డ, చేతిలో ప్లాస్టిక్ టబ్బు. గట్టు మీదే నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను చెప్పింది తప్పు, ఇది జింకు లోపం. నీళ్ళు తీసేసి జింకు సల్ఫేటు పిచికారీ చేయాలి.

ఆమె టబ్బు దించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకున్నారు.

"నిన్న ఒకటి చెప్పారు. ఇయ్యాల ఒకటి చెప్తన్నారు. రేపేం చెప్తారండి?"

ఆమె లెక్కలన్నీ నా కళ్ళ ముందే వేసుకున్నారు. నీళ్ళు వదిలితే ఇప్పుడు చల్లిన పొటాష్ కూడా పోతుంది. వదలకపోతే వేళ్ళు కుళ్ళిపోతాయి. కొట్టాయన తప్పు చెప్పాడు, టీచరు తప్పు చెప్పింది. ఇంత మంది చదువుకున్నవాళ్ళు ఉన్న ఊళ్ళో పైరు బతకడమే గొప్పన్నారు. అది నన్ను కూడా కలిపి అన్నమాట. తీసుకున్నాను.

చివరికి ఆమే తేల్చారు. "నీళ్ళు ఎలాగూ తియ్యాలండి, ఆ వాసన నాకూ తెలుసు. మందు మాత్రం ఓ మూల కొట్టి చూద్దాం. తప్పయితే మూలే పోద్ది."

కామందు గారికి ఫోన్ చేసి ఐదు రోజులు గడువు అడిగారు. అవతల ఆయన ఏమన్నారో వినపడలేదు గానీ, ఆమె "ఆయ్, ఆయ్" అంటూ తల మాత్రం వంచలేదు.

మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయడానికి ఆమె, ఆమె భర్త ఇస్రాయేలు గారు దిగారు. తప్పు నాది గనుక నేనూ దిగాను. ఆటో ఎక్కించిన పాపానికి వీర్రాజు గారు కూడా ప్యాంటు మడిచారు. రెండో అడుగుకే నేను తొడల దాకా దిగబడ్డాను. ఒక చెప్పు అక్కడే ఉంది, దొరికినవాళ్ళు ఉంచుకోవచ్చు. కాలికి పట్టిన జలగను ఇస్రాయేలు గారు ఉప్పు వేసి వదిలించారు. మధ్యాహ్నానికి నీళ్ళు కదిలాయి. ముందు నెమ్మదిగా, తర్వాత చప్పుడు చేస్తూ చేలోంచి నల్లటి నీళ్ళు కాలువలోకి దూకాయి. నలుగురం ఒడ్డున కూర్చుని, సినిమా చూసినట్టు ఆ మురుగు నీళ్ళను చూశాం.

సాయంత్రం లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి, ఈశాన్యం మూల రెండు సెంట్లకు రూతమ్మ గారే కొట్టారు. స్ప్రేయరు నాకివ్వలేదు.

ఆదివారం

పాపికొండల పడవ వదులుకుని అక్కడే ఉండిపోయాను. రోజూ పొద్దున వెళ్ళి ఆ మూల చూడటం, ఏమీ తేడా లేకపోవడం, వాళ్ళింటికొచ్చి రూతమ్మ గారు పెట్టిన పులస కాని చేపల పులుసు తినడం. "పులస అని చెప్పి పెట్టొచ్చండి, మీకు తెలీదు. కానీ అబద్ధం ఎందుకు," అన్నారు. తప్పు చెప్పినదానికి అంతకంటే మెత్తగా ఎవరూ నన్ను కొట్టలేదు.

ఆదివారం చర్చికి తీసుకెళ్ళారు. ఆరాధన అయ్యాక అందరికీ పరిచయం చేస్తూ, "మా చేనుకు రెండు జబ్బులు చెప్పిన మేడం గారు," అన్నారు. పాస్టరు గారు నవ్వు ఆపుకుంటూ ఆ చేను కోసం ప్రార్థన చేశారు. నేను దేవుణ్ణి పెద్దగా ఇబ్బంది పెట్టే మనిషిని కాను. ఆ రోజు మాత్రం కళ్ళు మూసుకుని, జింకు పేరు కూడా చెప్పి అడిగాను.

దారిలో ఆమెకు గాలి సంగతి చెప్పాను. బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్క ఏపుగా కనిపిస్తుంది కానీ గింజలో జింకు, మాంసకృత్తులు తగ్గుతాయని.

"అంటే తిండెక్కువై బలం తగ్గడం," అన్నారు ఆమె. ముందు నడుస్తున్న ఇస్రాయేలు గారి పొట్ట వైపు చూసి, "ఆయనకి ఎప్పణ్ణుంచో ఉందండి," అన్నారు.

ఇస్రాయేలు గారు వినపడనట్టే నడిచారు.

మంగళవారం

ఐదో రోజు పొద్దున్న రూతమ్మ గారు నాకంటే ముందే చేలో ఉన్నారు. నన్ను పిలవలేదు. ఆ మూలలో వంగి నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్తే కొత్తాకు చూపించారు. సన్నగా, మొదలు నుంచి కొస దాకా పచ్చగా ఉంది. ఒక మొక్క పీకారు. నల్లవేళ్ళ మధ్య నుంచి తెల్లటి కొత్తవేళ్ళు, కుట్టుదారమంత పొడుగున. వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె చూసి, "ఇంకా చేనంతా కొట్టాలండి," అన్నారు.

పది గంటలకు కామందు గారు మోటారు సైకిలు మీద వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో టేపు. చెరువు కొలతలకే వచ్చినట్టున్నారు. రూతమ్మ గారు వాదించలేదు. ఆయన్ని మూల దగ్గరికి తీసుకెళ్ళి, పక్కపక్కనే రెండు దుబ్బులు పీకి ఆయన రెండు చేతుల్లో పెట్టారు. తెల్లచొక్కా మీద బురద పడింది. ఆయన ఆ రెండిటినీ చాలాసేపు చూశారు. నా వైపు తిరిగి, మీరు ఎవరండి అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే రూతమ్మ గారు, మా బంధువులండి అన్నారు.

"ఈ పంటకు ఉండనీ," అని టేపు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. వచ్చే ఏడాది మాట ఆయన అనలేదు, ఆమె అడగలేదు. ఆ సాయంత్రం చేనంతా పిచికారీ అయింది.

చివరి పొద్దు

పల్లంగా ఉన్నచోట ఏడెనిమిది సెంట్ల పైరు చచ్చిపోయింది. దానికి ఏ మందూ లేదు. నారు లేదు గనుక, బాగా పిలకలు వేసిన దుబ్బులను చీల్చి ఆ ఖాళీల్లో నాటాలి. నా రైలు ఆ మధ్యాహ్నమే. ఒక గంట నాటి వెళ్తానన్నాను. ఆమె కాసిని పిలకలు నా చేతిలో పెట్టి, రెండు వేళ్ళతో ఎలా గుచ్చాలో ఒకసారి చూపించారు.

ఇరవై ఏళ్ళుగా వరి గురించి పాఠం చెప్పిన నేను వరి నాటడం అదే మొదటిసారి. నడుము విరిగిపోతోంది. అయినా ఒక వరస పూర్తి చేసి, గొప్పగా గట్టెక్కి వెనక్కి చూశాను. నేను నాటినవాటిలో కొన్ని పడుకున్నాయి, కొన్ని తేలుతున్నాయి. రూతమ్మ గారు నా వెనకే వస్తూ ఒక్కొక్కటే పీకి మళ్ళీ నాటుతున్నారు. వరస చివర ఒక మొక్క దగ్గర ఆగారు. వేలితో కదిపి చూశారు. కదల్లేదు.

"ఇదొక్కటి ఉండనిద్దాం లెండి," అని తర్వాతి వరసకు వెళ్ళిపోయారు.